గాలి మారింది సార్

మా ఇంటి కప్పు మీద ఒక యాంటెన్నా ఉంది. చేపముల్లు లాంటి అల్యూమినియం కడ్డీలు, ఒక ఇనప గొట్టం, కిందికి ఒక నల్ల వైరు. హ్యూస్టన్‌లో మా కాలనీలో అలాంటిది ఉన్న ఇల్లు మాదొక్కటే అనుకుంటా. కాలనీ సంఘం వాళ్ళు మొదట్లో కాస్త గొణిగారు గానీ, సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నా పెట్టుకుంటే ఆపకూడదని 1996లోనే ఎఫ్.సి.సి. నిబంధన పెట్టింది కాబట్టి ఊరుకున్నారు. మా ఇంటికి భోజనానికొచ్చే మిత్రులు మాత్రం ఊరుకోరు. "ఇంట్లో ఇన్ని స్ట్రీమింగులు పెట్టుకుని నీకిదెందుకయ్యా?" అని ప్రతిసారీ అడుగుతారు.

తుఫానొస్తే పనికొస్తుందని చెప్తాను. అబద్ధమేం కాదు. 2024 జులై 8న బెరిల్ తుఫాను మా మీదుగా వెళ్ళినప్పుడు ఈ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా ఇంటర్నెట్టూ పోయింది. కారు బ్యాటరీకి చిన్న ఇన్వర్టర్ తగిలించి, దానికి పాత టీవీ పెట్టి, వాతావరణం వార్తలు చూశాం. బయట వాన ధారలుగా కురుస్తోంది, చెట్లు ఊగిపోతున్నాయి, బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

అదే టీవీ, అదే యాంటెన్నా. వసంతంలో ఒక రాత్రి గాలి లేదు, మబ్బు లేదు, ఆకాశం కడిగినట్టుంది. బొమ్మ చదరాలు చదరాలుగా పగిలిపోయి, ఆగిపోయి, చివరికి "సిగ్నల్ లేదు" అన్న అక్షరాలు మిగిలాయి. తెల్లారాక తొమ్మిది గంటలకి దానంతటదే బాగైపోయింది.

తుఫానులో నిలబడ్డ బొమ్మ, వెన్నెల రాత్రి పడిపోవడమేమిటి? ఈ వింత వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో మా నాయన చేసిన ఒక తప్పు కూడా ఉంది. ముందు అది చెప్పేస్తాను.

1985 ఎండాకాలం. మాది నెల్లూరు జిల్లా కావలి. నాయన బళ్ళో అయ్యవారు. ఆ సంవత్సరమే మా ఇంటికి డయనోరా టీవీ వచ్చింది, బ్లాక్ అండ్ వైట్. మిద్దె మీద రెండు గొట్టాలు అతికించి యాంటెన్నా ఎత్తారు. దాని మొహం మద్రాసు వైపు. మద్రాసు మాకు రెండొందల కిలోమీటర్లు. కాబట్టి మామూలు రోజుల్లో టీవీ చూడ్డమంటే చుక్కల్లో మనుషుల్ని వెతుక్కోవడమే. ఒకరు మిద్దె మీద గొట్టం తిప్పడం, ఒకరు మెట్ల దగ్గర నిలబడి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని అరవడం. ఆ కేకలు మీలో చాలామంది ఇళ్ళల్లోనూ వినపడే ఉంటాయి.

కానీ కొన్ని సాయంత్రాలు ఇంకోటి జరిగేది. ఛానల్ మీట తిప్పితే, చుక్కలన్నీ పక్కకి తప్పుకుని, అద్దంలో చూసినట్టు ఒక బొమ్మ వచ్చేది. శ్రీలంక వాళ్ళ రూపవాహిని! మాట అర్థమయ్యేది కాదు. తెర మీద వచ్చే సింహళ అక్షరాలు గుండ్రంగా మన అక్షరాల్లాగే ఉండేవి. నేనూ మా చెల్లెలూ వాటిని కూడబలుక్కుని చదవబోయి ఓడిపోయేవాళ్ళం. ఇంగ్లీషు వార్తలొస్తే నాయన కుర్చీ ముందుకి జరుపుకునేవాడు.

ఇట్లా అప్పుడప్పుడూ కాకుండా రోజూ రావాలని నాయన కోరిక. బజారులో రేడియో షాపు అతన్ని పిలిచాడు. అతను ఒక సాయంత్రం వచ్చి, మిద్దెక్కి, యాంటెన్నాకి బూస్టర్ బిగించాడు. కిందికొచ్చి టీవీ పెట్టగానే రూపవాహిని, అప్పుడే కడిగిన పళ్ళెంలాగా. "చూడండి సార్, లంకే వచ్చేసింది" అన్నాడతను. నాయన 150 రూపాయలిచ్చాడు. జీతం డబ్బులు. వీధిలో వాళ్ళందరూ వచ్చి చూశారు.

నాలుగో రోజు సాయంత్రం ఉరుములు, మెరుపులు, పెద్ద వాన. ఆ రాత్రి నుంచి రూపవాహిని లేదు. మర్నాడూ లేదు. వారం చూశాడు నాయన. తర్వాత నన్ను వెంటబెట్టుకుని షాపుకెళ్ళి, పదిమంది ముందర అతన్ని దొంగన్నాడు. పనికిరాని డబ్బా బిగించి డబ్బులు గుంజావన్నాడు. అతను ఒక్కటే మాట చెప్పాడు.

"గాలి మారింది సార్. మళ్ళీ వస్తుంది."

"గాలికీ టీవీకీ ఏం సంబంధంరా? నాకు పాఠం చెప్తావా?" అన్నాడు నాయన. షాపులో వాళ్ళు నవ్వారు. అతను ఇంకేం మాట్లాడలేదు. మా ఇంటికొచ్చి, బూస్టర్ విప్పుకుని, 150 రూపాయలూ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం, బూస్టర్ లేకుండానే, రూపవాహిని మళ్ళీ వచ్చింది. నాయన చూశాడు. ఏమీ అనలేదు.

ఇంతకీ గాలికీ టీవీకీ ఏం సంబంధం? నాకు ఈ ప్రశ్నకి జవాబు దొరికేసరికి నలభై దాటాయి.

రూపవాహిని 1982 ఫిబ్రవరి 15న మొదలైంది. జపాన్ సాయంతో కట్టారు. ట్రాన్స్‌మిటర్‌ని ఆ దీవిలో అన్నిటికంటే ఎత్తైన పిదురుతలాగల కొండ మీద, 2524 మీటర్ల ఎత్తున పెట్టారు. వాళ్ళదీ మనదీ ఒకే రకం ప్రసారం, 625 గీతల పాల్ పద్ధతి. అందుకే మన సెట్టు ఆ బొమ్మని ఏ మార్పూ లేకుండా చూపించేసేది. అంతవరకూ బాగానే ఉంది. మరి దూరం?

టీవీ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక అవి మన తల మీంచి ఆకాశంలోకి వెళ్ళిపోతాయి. ఎంత దూరం అన్నదానికి ఇంజనీర్లు వాడే చిన్న లెక్కుంది: ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. పిదురుతలాగలకి అది సుమారు 207 కిలోమీటర్లు. మా పది మీటర్ల గొట్టానికి ఇంకో 13. మొత్తం 220. కావలికీ ఆ కొండకీ మధ్య దూరం సుమారు 880! లెక్క ప్రకారం మాకు రూపవాహిని రావాలంటే నాయన 26 కిలోమీటర్ల పొడుగు గొట్టం పాతాలి. మూడు ఎవరెస్టులంత. బూస్టర్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. లేని సిగ్నల్‌ని ఏ బూస్టరూ పెంచలేదు.

ఆ 4.12లోనే గాలి దాక్కుని ఉంది. భూమి దగ్గర గాలి చిక్కన, పైకి పోయేకొద్దీ పలచన. చిక్కటి గాలిలో తరంగం కాస్త నెమ్మదిగా, పలచటి దాంట్లో కాస్త వేగంగా పోతుంది. అందువల్ల తరంగం కిందికి కొంచెం వంగుతుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన షెలెంగ్, బరోస్, ఫెరెల్ అనే ముగ్గురు ఈ వంపుని సులువుగా లెక్కలోకి తెచ్చారు. భూమి వ్యాసార్థం ఉన్నదానికంటే మూడోవంతు ఎక్కువనుకుంటే చాలు, తరంగం తిన్నగానే పోతోందని లెక్క వేసుకోవచ్చన్నారు. ఇప్పటికీ అదే వాడతారు.

కానీ అది సగటు గాలి. గాలి సగటుగా ఉండాలని రూలేం లేదు గదా! మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి. ఒక్కోసారి తిరగబడుతుంది: కింద చల్లటి తేమ గాలి, దాని మీద వేడి పొడి గాలి మూతలాగా కూర్చుంటుంది. ఆ రెండిటి సరిహద్దు దగ్గర తరంగం గట్టిగా కిందికి వంగుతుంది. ఎంతగా అంటే, భూమి వంపుతో సమానంగా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా. అప్పుడు తరంగం నేలకీ మూతకీ మధ్య గొట్టంలో పోయినట్టు వందల కిలోమీటర్లు పోతుంది. ఎండమావి తెలుసుగా, అక్కడ వేడి గాలి కింద ఉండి వెలుగుని పైకి వంచుతుంది. ఇది దాన్ని తిరగేసినట్టు.

ఇప్పుడు కావలి ఎండాకాలాన్ని గుర్తు తెచ్చుకోండి. పగలంతా పడమటి గాలి, నిప్పుల కొలిమి. సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది. అది చల్లటిది, తేమది, బరువుది. పడమటి గాలి అడుగునుంచి దూరి వస్తుంది. వేడి గాలి దాని మీద తేలుతుంది. సరిగ్గా మనక్కావలసిన మూత! లంక దాటితే మద్రాసు దాకా మధ్యలో కొండా గుట్టా లేదు, సముద్రమే. మరి వాన పడితే? ఉరుముల మబ్బు పైగాలినీ కింద గాలినీ కవ్వం పెట్టి చిలికినట్టు కలిపేస్తుంది. మూత పోతుంది. రూపవాహినీ పోతుంది. అంటే ఆ షాపతను చెప్పింది అక్షరాలా నిజం. గాలి మారింది.

ఈ సంగతి నాయన కంటే ముందు చాలా పెద్దవాళ్ళకే తెలియలేదు లెండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు బొంబాయి దగ్గర 200 మెగాహెర్ట్జ్ రాడార్ పెట్టారు. ఇంచుమించు మన టీవీ తరంగాలే. వందో రెండొందలో మైళ్ళు చూడాల్సిన ఆ రాడార్‌కి ఎండాకాలంలో వెయ్యి మైళ్ళకు పైగా ఉన్న అరేబియా తీరం కనిపించడం మొదలెట్టింది. నైరుతి రుతుపవనాలు రాగానే మాయమయ్యేది. కావలిలో మాకు జరిగినట్టే. అమెరికాలో ఎం.ఐ.టి. రేడియేషన్ ల్యాబొరేటరీ యుద్ధకాలపు పరిశోధనల్ని సంపుటాలుగా వేసినప్పుడు, డొనాల్డ్ కెర్ సంపాదకత్వంలో 1951లో వచ్చిన పదమూడో సంపుటంలో ఈ సంగతులన్నీ చేరాయి.

ఆ పాఠం టీవీ వాళ్ళకి మాత్రం ఆలస్యంగా అందింది. యుద్ధం అయిపోయాక అమెరికాలో టీవీ స్టేషన్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉన్నవి 12 ఛానళ్ళు. ఒకే ఛానల్ మీద నడిచే రెండు స్టేషన్ల మధ్య సుమారు 150 మైళ్ళుంటే చాలనుకున్నారు. కొన్ని చోట్ల అంత కూడా లేదు. డెట్రాయిట్‌కీ క్లీవ్‌లాండ్‌కీ ఇద్దరికీ నాలుగో ఛానలే ఇచ్చారు. మధ్యలో ఉన్నది తొంభై మైళ్ళు, అదీ ఈరీ సరస్సు నీళ్ళ మీదుగా. కాగితం మీద బాగానే ఉంది. గాలి నిశ్చలంగా ఉన్న రాత్రుల్లో మాత్రం ఒక ఊరి బొమ్మ మీద ఇంకో ఊరి బొమ్మ ఎక్కి కూర్చునేది.

1948 సెప్టెంబర్ 30న ఎఫ్.సి.సి. చేతులెత్తేసింది. కొత్త లైసెన్సులు ఆపేస్తున్నాం, ఆరు నెలల్లో తేలుస్తామంది. తేల్చింది 1952 ఏప్రిల్ 14న. మూడున్నరేళ్ళు! మధ్యలో రంగుల టీవీ తగువు, చదువుల కోసం ఛానళ్ళు ఉంచాలన్న వాదన, కొరియా యుద్ధం కూడా కలిశాయి గానీ, మొదటి ముడి మాత్రం గాలి వేసిందే. ఆ మూడున్నరేళ్ళలో న్యూయార్క్ వాళ్ళకి ఏడు స్టేషన్లుంటే, డెన్వర్, పోర్ట్‌లాండ్ లాంటి పెద్ద ఊళ్ళకి ఒక్కటీ లేదు. మా హ్యూస్టన్‌కి ఉన్నది ఒక్కటే. 1949 జనవరి 1న కె.ఎల్.ఇ.ఇ. పేరుతో మొదలై, 1950లో కె.పి.ఆర్.సి.గా మారింది. 1953 దాకా ఊరంతటికీ అదే దిక్కు.

1952 తీర్పులో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. దేశాన్ని మూడు మండలాలుగా విడగొట్టారు. వీ.హెచ్.ఎఫ్.లో ఒకే ఛానల్ స్టేషన్ల మధ్య ఈశాన్యంలో 170 మైళ్ళు, మిగతా దేశంలో 190 మైళ్ళు, మెక్సికో అఖాతం ఒడ్డున 220 మైళ్ళు ఉండాలన్నారు. మా హ్యూస్టన్ ఈ మూడోదాంట్లో ఉంది. ఈ ఒడ్డుకి మాత్రం ఎక్కువ దూరం ఎందుకు? వెచ్చటి సముద్రం, తేమ, నిశ్చలమైన రాత్రులు. ఇక్కడి గాలి బొమ్మల్ని దూరం మోస్తుందని అప్పటికి ఒప్పుకున్నారు. అంటే గాలి స్వభావాన్ని చట్టంలో రాసేశారు. కావలిలో షాపతను నోటితో చెప్పినదాన్నే ఇక్కడ మైళ్ళ లెక్కలో పెట్టారు. అతన్ని మాత్రం మేం దొంగన్నాం.

ఇలాంటి కథల్లో అబద్ధాలూ దూరతాయి. 1953లో, పేరు మారి మూడేళ్ళయిన ఆ కె.ఎల్.ఇ.ఇ. బొమ్మ ఇంగ్లండ్‌లో ఎవరికో టీవీలో కనిపించిందని పుకారు లేచింది. తరంగాలు అంతరిక్షంలో తిరిగి తిరిగి మూడేళ్ళకి వచ్చాయని జనం నమ్మారు కూడా. తర్వాత అది ఒట్టి మోసమని తేలింది. నిజంగా అట్లాంటిక్ దాటిన బొమ్మ వేరే ఉంది. 1938 నవంబర్‌లో లండన్ బీబీసీ ప్రసారం న్యూయార్క్ దగ్గర రివర్‌హెడ్‌లో ఆర్.సి.ఎ. వాళ్ళకి అందితే, తెర మీది బొమ్మని ఫిల్ము తీశారు. ఆ నాలుగు నిమిషాల ఫిల్ము ఇప్పటికీ ఉంది. అయితే అది మన మూత గాలి పని కాదు. వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పని. సూర్యుడి మీద మచ్చలు బాగా పెరిగిన ఏళ్ళలో, తక్కువ ఫ్రీక్వెన్సీ ఛానళ్ళకి మాత్రమే అది పనిచేస్తుంది. సముద్రం మీది మూత ఎంత దూరం మోయగలదో 1957 జులైలో తేలింది. హవాయిలో ఒక హామ్, కాలిఫోర్నియాలో ఒక హామ్ 144 మెగాహెర్ట్జ్ మీద 2500 మైళ్ళ దూరాన మాట్లాడుకున్నారు.

సరే, మా కప్పు మీది యాంటెన్నా దగ్గరకొద్దాం. 2009 జూన్ 12న అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి మారాయి. అనలాగ్‌లో దూరపు స్టేషన్ దూరితే తెలిసేది. గీతలొచ్చేవి, వెనకాల ఇంకెవరో నీడలాగా కదిలేవారు. డిజిటల్‌లో ఆ మర్యాద లేదు. ఉంటే పూర్తిగా, లేకపోతే అసలు లేదు. పైగా 2017 నుంచి 2020 దాకా పై ఛానళ్ళని ఫోను కంపెనీలకి అమ్మేసి, స్టేషన్లన్నిటినీ 36వ ఛానల్ లోపల ఇరికించారు. ఇరుకైన కొద్దీ ఇరుగుపొరుగు గొడవలు. నిశ్చలమైన రాత్రి మూత పడితే, ఎక్కడో అఖాతం ఒడ్డున అదే ఛానల్ మీదున్న స్టేషన్ వచ్చి మా స్టేషన్ మీద పడుతుంది. రెండూ పోతాయి. పొద్దున ఎండెక్కి గాలి కలిసిపోగానే మళ్ళీ వస్తుంది.

వాన సంగతంటారా, టీవీ తరంగం పొడుగు అర మీటరు నుంచి కొన్ని మీటర్ల దాకా. చినుకు దానికి లెక్కలోది కాదు. వాన పడితే పోయేది డిష్. దాని తరంగం రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి చినుకులు దాన్ని తినేస్తాయి. డిష్‌లొచ్చాక పుట్టిన నమ్మకాన్ని మనం పాత యాంటెన్నాలకి కూడా అంటగట్టేశాం. బెరిల్ రాత్రి మాకు బొమ్మ ఎందుకు నిలబడిందో ఇప్పుడు తెలిసిందిగా. ట్రాన్స్‌మిటర్ దగ్గరిది, గాలి బాగా చిలికిన గాలి, దూరపు వాళ్ళు లోపలికొచ్చే దారి లేదు.

ఇంకో సంగతి. తిరుపతి దగ్గర గాదంకిలో ఒక పెద్ద రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ మీద, 1990ల మొదట్నుంచీ పనిచేస్తోంది. పైగాలిలో ఈ చిక్కదనం పలచదనం తేడాల నుంచి వచ్చే ప్రతిధ్వనుల్ని పట్టుకుని గాలి కదలికల్ని కొలుస్తుంది. కావలికి రెండొందల కిలోమీటర్ల లోపే. గాలికీ తరంగానికీ సంబంధమేమిటని నాయన అడిగిన ప్రశ్న మీదనే అక్కడ శాస్త్రవేత్తలు జీవితాలు గడిపారు.

ఇదంతా పోయిన నెల ఫోన్లో నాయనకి చెప్పాను. ఆయనకి ఎనభై దాటాయి. చెవి కొంచెం మందం గానీ బుర్ర చురుకే. 4.12 లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. 26 కిలోమీటర్ల గొట్టం అనగానే నవ్వాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"బూస్టర్ లేకుండా బొమ్మొచ్చిన రోజే తెలుసు అబ్బయా" అన్నాడు. "ఆయన చెప్పిందే నిజమని ఆ రోజే తెలుసు. పోయి చెప్పుండాల్సింది. అయ్యవార్ని గదా, చెప్పలేకపోయినా."

"ఇప్పుడెక్కడున్నాడో తెలుసా నాయనా?"

"షాపు ఎప్పుడో ఎత్తేసినారు. కొడుకు ట్రంకు రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడంట. ఆయనున్నాడో లేడో అడగలేదు."

ఆయన పేరు నాకు గుర్తులేదు. నాయనకి గుర్తుంది, ఇంటిపేరుతో సహా. దూరదర్శన్ కూడా 2021-22 నాటికి సరిహద్దుల్లాంటి చోట్ల కొన్ని తప్ప తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ మూసేసింది. మా మిద్దె మీద గొట్టం మాత్రం తుప్పు పట్టి అలాగే ఉంది. ఈ డిసెంబర్‌లో కావలి వెళ్తున్నాను. ఆ సెల్‌ఫోన్ల షాపుకి నన్నూ తీసుకెళ్ళమని నాయన అడిగాడు. "నువ్వు పక్కనుండు చాలు. చెప్పేది నేనే చెప్తా" అన్నాడు.